ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల బస్తీలో వ్యాయామ పథకం ఎవరు గీయాలి?

ఫిజికల్ యాక్టివిటీకి తెలుగులో స్థిరపడిపోయిన మాట ‘శారీరక శ్రమ’. ఆరోగ్య కరపత్రాల్లో, గోడపత్రికల్లో, డాక్టర్ల సలహాల్లో ఇదే కనిపిస్తుంది. తెల్లారకముందే లేచి, నాలుగిళ్లలో గచ్చు తుడిచి, అంట్లు తోమి, నీళ్లు మోసి, రాత్రి ఎప్పటికో నడుం వాల్చే మనిషికి ‘వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేయాలమ్మా’ అని చెబితే ఎలా ఉంటుంది? ‘మరి పొద్దున్నుంచి నేను చేస్తున్నదేమిటి?’ అని ఆమె తిరిగి అడిగితే, చెప్పేవాళ్ల దగ్గర జవాబుండదు. నగరాల్లో పేద బస్తీల కోసం వేసే వ్యాయామ పథకాలు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే చతికిలబడతాయి.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జీపాక్ అనే 16 ప్రశ్నల పట్టిక పనిలోని కదలికను, రాకపోకల్లోని కదలికను, తీరిక వేళ కదలికను విడివిడిగా అడుగుతుంది. ఆ లెక్కన ఆమె లక్ష్యాన్ని ఎప్పుడో దాటేసింది. అయితే ఒంటికి అన్ని కదలికలూ ఒకటి కావు. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంటే, బతుకుతెరువు కోసం చేసే బరువు పని అదే మేలు చేయడం లేదని, కొన్ని అధ్యయనాల్లో కీడు వైపే మొగ్గు కనిపించిందని వాళ్లు వివరించారు. వాళ్లు చెప్పే కారణాలు అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పనిలో కదలిక గంటల తరబడి సాగుతుంది, గుండె వేగం, రక్తపోటు రోజంతా కాస్త పైనే ఉంటాయి, మోయడం, వంగడం ఒకే కీళ్ల మీద పడతాయి, అలసినప్పుడు ఆగే హక్కు ఉండదు, తేరుకునే వ్యవధి చిక్కదు. అరగంట నడకలో వీటిలో ఒక్కటీ లేదు.

అందుకే ఒకే వీధిలోని ఇద్దరికి రెండు రకాల అవసరాలుంటాయి. బరువులు మోసే మనిషికి కావలసింది నడుముకి, భుజాలకి సాగదీత, కాస్త నీడ, కూర్చునే చోటు, తనకు నచ్చిన వేగంతో పది నిమిషాల నడక కావచ్చు. పన్నెండు గంటలు ఒకే కుర్చీలో కాపలా కాసే మనిషికి చెమట పట్టే ఆట కావాలి. ఇద్దరికీ కలిపి ఒక ఇనుప వ్యాయామ పరికరాల వరస బిగించి వెళ్లిపోతే, ఏడాది తిరిగేసరికి వాటి మీద బట్టలు ఆరుతుంటాయి. అది బస్తీవాళ్ల బద్ధకం కాదు. ఏం కావాలో వాళ్లను అడగకపోవడం వల్ల వచ్చిన తంటా.

ప్రపంచం మొత్తంలో ఈ సమస్య చిన్నదేమీ కాదు. 2022 లెక్కల ప్రకారం పెద్దల్లో 31 శాతం మందికి, అంటే దాదాపు 180 కోట్ల మందికి, చాలినంత కదలిక లేదు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది సుమారు ఐదు శాతం పాయింట్లు ఎక్కువ. ఈ లేమిని 2030 నాటికి 15 శాతం తగ్గించాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2020లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో బస్తీల వరకు అతి ముఖ్యమైన మార్పు ఒకటుంది, దాన్ని చాలామంది గమనించలేదు. అంతకుముందు కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వచ్చేది. ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు కూడా లెక్కే. వరసగా అరగంట తనదని చెప్పుకోలేని మనిషికి ఇది ఒక తలుపు తెరవడం లాంటిది. కానీ ఆమె రోజులో ఆ ఐదు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో ఏ నిపుణుడూ బయటి నుంచి చెప్పలేడు.

అడగడంలోనూ రకాలున్నాయి

‘ప్రజాభాగస్వామ్యం’ అనే మాట ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు కాగితంలోనూ ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో కొలవడానికి 1969లో అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసింది. అడుగు మెట్లు రెండూ జనాన్ని మభ్యపెట్టేవి. మధ్యలోని మూడు సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. వీటిని ఆమె మొక్కుబడి అంది. పైమూడు మెట్ల మీదే నిజమైన అధికారం జనానికి బదిలీ అవుతుంది: సమాన భాగస్వామ్యం, అప్పగించిన నిర్ణయాధికారం, పూర్తి అదుపు. వ్యాయామ పథకాల్లో ఎక్కువ నాలుగో మెట్టు మీద, అంటే అభిప్రాయం అడగడం దగ్గర ఆగిపోతాయి. మూడు బొమ్మలు చూపించి ‘ఏది బాగుంది?’ అని అడుగుతారు. నాలుగో బొమ్మ గీసుకునే హక్కు ఎవరికీ ఉండదు.

న్యూయార్క్‌లోని హైలైన్ పార్కు ఈ పొరపాటుకు బాగా తెలిసిన ఉదాహరణ. పాత సరకు రైలు వంతెనను నడకదారిగా మార్చి 2009లో తెరిచారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. దాని పక్కనే తక్కువ ఆదాయం వాళ్లుండే ప్రభుత్వ గృహ సముదాయాలు రెండున్నాయి. వచ్చేవాళ్లలో పర్యాటకులే ఎక్కువ, ఆ ఇళ్లవాళ్లు తక్కువ. చుట్టుపక్కల స్థలాల ధరలు, అద్దెలు ఎగబాకాయి. ఆ పార్కు సహవ్యవస్థాపకుడు రాబర్ట్ హామండ్ 2017లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు: డిజైన్ ఎలా ఉండాలని అడిగే బదులు మీకు ఏం చేయగలమని ముందు అడిగి ఉండాల్సిందని, జనానికి డిజైన్‌కంటే పెద్ద సమస్యలున్నాయని. ఇలాంటి పని మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది. పార్కు కట్టినవాళ్లు అభిప్రాయం అడగకపోలేదు. అడిగిన ప్రశ్న చిన్నదైపోయింది.

కాబట్టి మొదటి సమావేశానికి ముందే ఒక్క పేజీలో నాలుగు సంగతులు రాసి గోడకు అంటించాలి: ఖర్చు పెట్టగలిగే మొత్తం ఎంత, అందులో ఏ భాగం మీద బస్తీవాళ్లదే తుది మాట, ఏవి ఎవరూ మార్చలేరు, చివర సంతకం ఎవరిది. రోడ్డు వెడల్పు మార్చే అధికారం మీకు లేకపోతే ఆ మాట అప్పుడే చెప్పేయాలి. నాలుగు సమావేశాల తర్వాత ‘అది మా చేతిలో లేదు’ అంటే ఐదో సమావేశానికి ఎవరూ రారు, రాకపోవడమే సబబు.

ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు

పనిచేసే బృందానికి పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. అంతకు మించితే నలుగురే మాట్లాడతారు. ఈ పదిహేను మందిని బస్తీ పెద్ద చేతికి వదిలేస్తే ఆయన మనుషులే వస్తారు. పెద్దల సహకారం కావాలి, కానీ ఎంపిక వాళ్లది కాకూడదు. ముందుగా ఖాళీ గడులతో ఒక పట్టిక గీసుకోండి: రాత్రి పనికి వెళ్లేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, పన్నెండు నుంచి పదహారేళ్ల ఆడపిల్లలు, కర్రతోనో చక్రాల కుర్చీతోనో కదిలేవాళ్లు, అరవై అయిదు దాటినవాళ్లు, ఈ మధ్యే వలస వచ్చి అద్దెకున్నవాళ్లు. ప్రతి గడిలో ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ మౌనంగా ఉండిపోతారు. గడి నిండకపోతే వాళ్లు ఉండే చోటికి, వాళ్లకు వీలైన వేళకు మీరే వెళ్లాలి.

వచ్చినవాళ్ల సమయానికి డబ్బివ్వాలి. ఇది మర్యాదకు సంబంధించిన విషయం, లెక్కకు సంబంధించిన విషయం కూడా. కూలిమనిషికి రెండు గంటల సమావేశం అంటే రెండు గంటల కూలి పోవడం. అదే గదిలో కూర్చున్న ఆర్కిటెక్టుకు, ఆరోగ్యాధికారికి ఆ రెండు గంటలకూ జీతం వస్తూనే ఉంటుంది. పోయే కూలికి తగ్గకుండా, అదే రోజు చేతికివ్వాలి. నెలాఖరు చెక్కులు, బ్యాంకు పత్రాల తిరకాసులు పెడితే నిజంగా అవసరమున్నవాళ్లే ముందు తప్పుకుంటారు. సమావేశం తొంభై నిమిషాలు దాటకూడదు. చోటు పది నిమిషాల నడకలో ఉండాలి. పిల్లల్ని చూసుకునే మనిషి పక్క గదిలో ఉండాలి. రెండు వారాలకొకసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సమావేశాలు, అంటే మూడు నాలుగు నెలల పని. నెలలో ముగించాలని చూస్తే మీరు ముందే అనుకున్నది వాళ్ల చేత అనిపించడం తప్ప ఏమీ జరగదు.

మొదటి సమావేశం: రోజును గీయడం

వ్యాయామం మాట ఎత్తకుండా మొదలుపెట్టాలి. పెద్ద కాగితం మీద ఇరవై నాలుగు గంటల గడియారం గీసి, ఎవరి రోజును వాళ్లు రంగులతో నింపమనండి. నిద్రకొక రంగు, కూలి పనికొకటి, ఇంటి పనికొకటి, ప్రయాణానికొకటి, ఎదురుచూపుకొకటి, తనదైన సమయానికొకటి. ఎదురుచూపు రంగును తప్పకుండా పెట్టండి. నీళ్ల కోసం, బస్సు కోసం, బడి దగ్గర పిల్లల కోసం నిలబడే నిమిషాలు ఆశ్చర్యపోయేంత ఉంటాయి, వాళ్లే వాటిని ఎప్పుడూ కూడి చూసుకుని ఉండరు. చాలాసార్లు అసలు పథకం అక్కడే దొరుకుతుంది. బడి గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడే పదిమంది తల్లులకు ఆ గోడ వెంట నీడతో వంద మీటర్ల నడక బాట చాలు. ఊరి చివర పెద్ద పార్కు వాళ్లకు ఎందుకూ కొరగాదు.

రెండో సమావేశం: నడిచి చూడటం

చేత ఫోను పట్టుకుని బస్తీవాళ్లే ముందు నడవాలి, అధికారులు వెనక నడవాలి. నడకకు సాయపడేదాన్ని, అడ్డుపడేదాన్ని ఫొటో తీసి, ఎందుకో ఒక్క వాక్యం గొంతుతో రికార్డు చేయాలి. ఫొటోలతో జనం తమ మాట చెప్పుకునే పద్ధతిని కెరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1990ల్లో చైనాలోని యునాన్ గ్రామీణ మహిళలతో కలిసి రూపొందించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆబీ కింగ్ బృందం నడిపే ‘అవర్ వాయిస్’ కార్యక్రమం దాన్నే ఫోను యాప్‌గా మలిచి చాలా దేశాల బస్తీల్లో వాడింది. చదువు రానివాళ్లు కూడా చేయగలగడం దీని బలం.

అదే దారిలో రెండుసార్లు నడవాలి, ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక. ఒక బెంచీ ఫొటో చూడండి. ప్లాను గీసినవాళ్లకు అది విశ్రాంతి చోటు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు అది లేకపోతే ఆ దారే లేదు, ప్రతి యాభై నుంచి వంద మీటర్లకు ఒకటి కావాలంటాడు. పదిహేనేళ్ల పిల్లకు మాత్రం సాయంత్రం ఆరు దాటాక ఆ బెంచీ మీద కూర్చునే కుర్రాళ్లే అసలు అడ్డు, అందుకని ఆమె అవతలి వీధి చుట్టూ తిరిగి వెళ్తుంది. ముగ్గురి మాటా నిజమే. బెంచీని తీసేయడం వల్ల పరిష్కారం రాదు. ఇరుకు మలుపులో ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ కనిపించే చోటికి జరిపితే ముగ్గురికీ దారి దొరుకుతుంది.

వెలుతురు విషయంలో జరిగే పొరపాటు కూడా రాత్రి నడకలోనే బయటపడుతుంది. ‘చీకటిగా ఉంది’ అనగానే ఒక పెద్ద ఫ్లడ్‌లైటు పెట్టిస్తారు. దాని కింద నిలబడ్డవాళ్ల కళ్లు ఆ కాంతికి అలవాటుపడటంతో పక్కనున్న చీకటి మరింత నల్లగా కనిపిస్తుంది. ఎదురొచ్చే మనిషి ముఖం నాలుగు మీటర్ల దూరంలో గుర్తుపట్టగలిగేలా, దారి పొడవునా సమానంగా పరుచుకునే చిన్న దీపాలే మేలు. సమావేశాల గదిలో కూర్చుంటే ఇది తెలియదు.

ఫొటోల్లో మనుషుల ముఖాలు పడకూడదు, పడితే వాళ్ల అనుమతి కావాలి. ఆ ఫొటోలు ఎవరివి, ఎక్కడ ఉంచుతారు, ఎవరికి చూపిస్తారన్నది తీసినవాళ్లే తేల్చాలి. పట్టా లేని ఇళ్లున్న చోట ఒక ఫొటో ఖాళీ చేయించడానికి సాక్ష్యంగా మారుతుందన్న భయం ఊరికే పుట్టలేదు.

ఓట్లు లెక్కపెట్టే చోట మోసం

ఫొటోలన్నీ గోడకు పెట్టి ఏది ముందో తేల్చేటప్పుడు ఒక్కొక్కరికి ఐదేసి చుక్కల స్టిక్కర్లు ఇచ్చి, ముఖ్యమనుకున్న ఫొటోల మీద అంటించమనడం మామూలు పద్ధతి. పన్నెండు మందిలో ఎనిమిది మంది మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు అనుకుందాం. నలభై చుక్కలు ఒకవైపు, ఇరవై ఒకవైపు. ఆట మైదానం గెలుస్తుంది, మరుగుదొడ్డి ఓడిపోతుంది. అంతా ప్రజాస్వామ్యంగానే జరిగినట్టు కనిపిస్తుంది. మరుగుదొడ్డి లేని మైదానంలో ఆడవాళ్లు గంటసేపు ఉండలేరన్న సంగతి ఆ మొత్తంలో కొట్టుకుపోతుంది. అందుకని ఒక్కో వర్గానికి ఒక్కో రంగు చుక్కలివ్వండి. ప్రతి రంగులో మొదట నిలిచినదానికి డబ్బు తప్పనిసరి అని ముందే రాసుకోండి. మిగిలినదాన్ని మొత్తం చుక్కలతో తేల్చుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి కాస్త నిలబడి చూడవలసినది. వియన్నా నగరంలో 1990ల నడుమ చేసిన పరిశీలనలో దాదాపు తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతున్నట్టు, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నట్టు తేలింది. ఉన్న ఒక్క పెద్ద ఖాళీ స్థలం కోసం పోటీ పడాల్సి వస్తే అమ్మాయిలు వెనక్కి తగ్గుతున్నారు. ఆ నగరం కొన్ని పార్కులను తిరిగి తీర్చిదిద్దింది: బోను లాంటి ఆట స్థలానికి ఎక్కువ ద్వారాలు పెట్టింది, ఒకే మైదానాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసింది, కూర్చునే చోట్లు పెంచింది. అమ్మాయిలు తిరిగి వచ్చారు, వాళ్ల కోసం మగపిల్లల్ని తరిమేయాల్సిన పని పడలేదు. ఒక్క ద్వారమున్న ఇనుప కంచెలో లోపల ఎవరున్నారో చూసుకుని అడుగుపెట్టే భయం ఎలాంటిదో అమ్మాయిలకే తెలుసు. వాళ్లను విడిగా, మహిళ నడిపే సమావేశంలో అడిగితేనే చెబుతారు.

సిమెంటు పోయకముందు సున్నంతో గీయండి

నిర్ణయం అయ్యాక వెంటనే గుత్తేదారును పిలవకండి. సున్నపు గీతలు, తాళ్లు, అరువు తెచ్చిన కుర్చీలు, బ్యాటరీ దీపాలతో మూడు వారాలు అదే చోట ప్రయోగం చేయండి. మొదటి వారం కొత్త మోజుతో అందరూ వస్తారు, ఆ లెక్కను పక్కన పెట్టేయండి. రెండు, మూడు వారాల లెక్కే అసలుది. గీసిన నడకదారిని జనం ఎక్కడ అడ్డంగా కోసుకుని వెళ్తున్నారో సున్నం మీద పాదముద్రలే చూపిస్తాయి. దారిని అటు జరపాలి.

కట్టడం అసలు అవసరం లేకపోవచ్చు కూడా. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో సైకిల్ మీద ప్రేమున్న పౌరులు మొదలుపెట్టిన సిక్లోవియా ఇప్పుడు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను వాహనాల నుంచి విడిపించి నడకకు, సైకిలుకు ఇస్తోంది. ఉన్న రోడ్లే, కొన్ని అడ్డుకట్టలు, వాటి దగ్గర నిలబడే మనుషులు. స్థలం లేని ఇరుకు బస్తీలో ఒక్క వీధిని వారానికి నాలుగు గంటలు పిల్లలకు వదలడం పార్కుకంటే ముందు సాధ్యమయ్యే పని. ఏ వీధి, ఏ గంటలు అన్నది మాత్రం ఆ వీధిలో బండి పెట్టుకుని అమ్ముకునేవాళ్లు కూడా కూర్చున్న చోటే తేలాలి. లేకపోతే ఒకరి వ్యాయామం ఇంకొకరి పొట్ట కొడుతుంది.

లెక్క ఎలా తీయాలి

ఎంతమంది వచ్చారన్న ఒక్క అంకె దగా చేస్తుంది. ‘సోపార్క్’ అనే పరిశీలన పద్ధతిని ఇందుకోసం అనువుగా వాడుకోవచ్చు. స్థలాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చూపు తిప్పుతూ ఎంతమంది కూర్చున్నారు లేదా నిలబడ్డారు, ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది పరుగు స్థాయిలో ఉన్నారో ఆడా మగా, వయసు వారీగా రాసుకోవాలి. రోజుకు నాలుగు వేళల్లో, సెలవు రోజు కలిపి నాలుగు రోజులు, మార్పుకు ముందొకసారి, తర్వాతొకసారి. లెక్క బస్తీ యువత తీయాలి, దానికీ డబ్బివ్వాలి. మొదటి రోజు ఇద్దరు ఒకే చోటును విడివిడిగా లెక్కించి పోల్చుకోవాలి. పదింట ఎనిమిదిసార్లయినా కలవకపోతే మళ్లీ సాధన చేయాలి.

దీనికి ఒక ప్రశ్న జోడించండి: ‘మీ ఇంటి నుంచి ఇక్కడికి ఎన్ని నిమిషాల నడక?’ జనం రెట్టింపయ్యారని సంబరపడే చోట, పెరిగినవాళ్లంతా కార్లలో వచ్చే బయటివాళ్లని తేలితే హైలైన్ కథ మొదలైనట్టే. అద్దెల సంగతి కూడా ఆరు నెలలకోసారి బృందంలోని అద్దెదారుల్నే అడుగుతుండాలి. నడకబాట పుణ్యమా అని ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఆ ఆరోగ్యం ఎవరికి దక్కినట్టు?

తలుపు తాళం ఎవరి దగ్గర

ఇలాంటి పథకాలు ఎక్కువగా రెండో ఏట చనిపోతాయి. దీపం మాడిపోతుంది, మార్చే బాధ్యత ఎవరిదో తెలియదు. మరుగుదొడ్డికి తాళం పడుతుంది, తాళం చెవి ఉన్న మనిషి సాయంత్రం అయిదింటికే వెళ్లిపోతాడు, ఆడవాళ్లు నడవగలిగేది ఆ తర్వాతే. కట్టడానికి కేటాయించిన డబ్బులోంచే కనీసం రెండేళ్ల నిర్వహణ ఖర్చు ముందుగా పక్కకు తీసి పెట్టాలి. తాళం చెవి, శుభ్రం చేసే పని, వ్యాయామం నడిపించే పని బస్తీవాళ్లకే జీతంతో ఇవ్వాలి. స్వచ్ఛంద సేవ పేరుతో వాళ్ల చేత ఊరికే చేయించుకుంటే అది మొదటి పేరాలోని శ్రమకే ఇంకొంచెం కలపడం అవుతుంది.

వ్యాయామం నడిపించే ఆమెకు నేర్పవలసినవి కొద్దిగానే ఉన్నాయి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే వేగం సరిపోయినట్టు. కండరాలకు బలమిచ్చేవి వారంలో రెండు రోజులు, అరవై అయిదు దాటినవాళ్లకు ఒంటికాలి మీద నిలబడటం లాంటి తూకం సాధనలు మూడు రోజులు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆపించి వైద్యుడి దగ్గరకు పంపాలి. రోజంతా బరువులు మోసి వచ్చినవాళ్లను పరుగులు పెట్టించకూడదు. వాళ్లను ముందు కాసేపు కూర్చోనిచ్చి, భుజాలు, నడుము సాగదీసే కదలికలతో మొదలుపెట్టాలి.

ఏడాది పూర్తయ్యాక అదే నెలలో, అవే వేళల్లో మళ్లీ లెక్క తీసి, ఫలితాలను నివేదికలో కంటే ముందు నీళ్ల పంపు దగ్గర గోడ మీద బొమ్మలతో పెట్టండి. ఎవరి గడి ఖాళీగా ఉందో అక్కడ నిలబడ్డవాళ్లే చూసి చెబుతారు. తర్వాతి సమావేశం ఆ గడివాళ్ల ఇళ్ల దగ్గర, వాళ్లకు వీలైన వేళకు పెట్టాలి.